పాటకీ తాళానికీ నడుమ

నేను ఒక ఫోన్‌ని. కొత్తదాన్నేం కాదు, మూడు చేతులు మారినదాన్ని. పుట్టింది ఎక్కడో పెద్ద షెడ్డులో. తెల్లటోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు నిద్రమొహాలతో నా పొట్టలో సామాను అమర్చారు. మొదట స్థలాలమ్మే పెద్దమనిషొకడు కొన్నాడు. ఆయన నోట నేను విన్న అబద్ధాలు కుప్పపోస్తే కొండంత. తర్వాత ఒక డిగ్రీ కుర్రాడు. ఇంట్లో పాఠాలని చెప్పి సినిమాలు చూసేవాడు. మనుషుల చదువు ఇంతేలే అనుకున్నాను. ఆ అభిప్రాయం మార్చింది తాయారు.

తాయారు మారేడుమిల్లికి ఎగువన, మన్యంలో అంగన్‌వాడీ టీచరు. సంగీతం నేర్చుకోవాలన్న పిచ్చి చిన్నప్పటినుంచీ లోపలే ఉండి, నలభై దాటాక బయటపడింది. ఆ కొండల్లో గురువెక్కడ దొరుకుతాడు? విజయనగరంలో వరహాలమ్మగారని పెద్ద విద్వాంసురాలు ఫోన్లో పాఠం చెప్పడానికి ఒప్పుకున్నారు. ఆవిడ తమ్ముడు పైడయ్యగారు మృదంగం వాయిస్తారు. ఆయన మాత్రం వెనకనుంచి గొణిగేవారు. "ఫోన్లో సంగీతమేటప్పా! కూర ఇక్కడొండి, ఉప్పు అక్కడేసినట్టు."

సాయంత్రం కాగానే తాయారు నన్ను కిటికీలో ఆనించేది. ఆ ఇంట్లో సిగ్నల్ దొరికేది అక్కడొక్కచోటే. బయట కొండలమీద మంచు దిగుతూ ఉండేది. ఆమె గొంతు నాలోకి వచ్చి, గొంతు కాకుండా పోయి, మంచుమీదుగా, చెట్లమీదుగా ఎటో తేలిపోయి, విజయనగరంలో మళ్లీ గొంతయ్యేది. ఆ ప్రయాణానికి ఒక రెప్పపాటు పడుతుంది. నా కాపురమంతా ఆ రెప్పపాటులోనే. అక్కడ ఊరు లేదు, పొద్దు లేదు, ఎవరిదీ కాని ఒక స్వరం ఊరికే ఊగుతూ ఉంటుంది. ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

ఆ హాయే కొంప ముంచింది. వరహాలమ్మగారు అక్కడ తొడమీద తాళం వేస్తే, ఆ దెబ్బ ఇక్కడికి ఆలస్యంగా వచ్చేది. దానితో కలిసి తాయారు పాడితే, ఆ పాట అక్కడికి ఇంకా ఆలస్యంగా చేరేది. "వెనకబడిపోతన్నావమ్మా," అనేవారు ఆవిడ రోజూ. తాయారు పాఠమయ్యాక కళ్లొత్తుకునేది. చివరికి తనే ఒక దారి కనిపెట్టుకుంది. దెబ్బ వినపడకముందే పాట ఎత్తుకోవడం మొదలెట్టింది. "హమ్మయ్య, ఇప్పటికి లయ కుదిరింది తల్లీ!" అన్నారు గురువుగారు. ఇద్దరూ సంబరపడ్డారు. నాకేం తెలుసు, నేనూ మురిసిపోయాను.

ఏటా వరహాలమ్మగారి వీధిలో ఒక సభ జరుగుతుంది. శిష్యులు ఆవిడ పక్కన కూర్చుని తలా ఒక కీర్తన పాడతారు. కాకపోతే ముందురోజు పైడయ్యగారి మృదంగంతో పాడి ఆయన చేత తలూపించుకోవాలి. తాయారుకు పిలుపొచ్చింది. బయల్దేరేటప్పుడు భర్తతో, "ఇందులో తేలకపోతే ఇక పాట మాటెత్తనండీ," అంది. ఆమె మాటంటే మాటే. నాకు గుండె లేదు గానీ, ఉంటే ఆగేది.

విజయనగరంలో వరహాలమ్మగారి ఇంటి హాల్లో చాపమీద కూర్చుని తాయారు పాట ఎత్తుకుంది. కాసేపటికే పైడయ్యగారు చెయ్యి ఆపేశారు.

"ఈవిడ తాళం కంటే ముందు పరిగెడతందప్పా. ఎవులో తరుముతున్నట్టు."

"ఫోన్లో బాగానే పాడుతుందిరా!" అన్నారు వరహాలమ్మగారు.

"అయితే ఫోన్లోనే పాడించు," అన్నారాయన వెటకారంగా.

వరహాలమ్మగారికి పంతం వచ్చింది. తాయారుకు నన్నిచ్చి వంటింట్లోకి పంపి, తాను హాల్లో కూర్చుని ఫోన్ చేశారు. పక్కపక్క గదులైనా నేను ఆకాశం చుట్టి రావలసిందే. అటు తాళం మొదలైంది. ఇటు తాయారు కన్నీళ్లు దిగమింగుకుంటూ, అలవాటుకొద్దీ ముందే అందుకుంది. గోడ దాటిన పాట ముందు చేరింది. నేను మోసిన పాట నింపాదిగా, సరిగ్గా దెబ్బమీదికి చేరింది. హాల్లో తాళం చప్పుడు ఆగిపోయింది.

ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. "పిచ్చిమొహమా! నా చెవికి సరిగ్గా చేరాలని ఇన్నాళ్లూ ముందుగా పాడేవా?"

"మీరు బాగుందన్నారు కదమ్మగారూ. అదే సరైందనుకున్నానండి."

ఆవిడ కళ్లు నిండిపోయాయి. "నీ తప్పేం లేదు. మెచ్చుకున్న చెవి నాది."

"ఇద్దరి మధ్యా ఆ దొంగ ఒకటుంది కదా," అన్నారు పైడయ్యగారు నావైపు చూపిస్తూ. నాకు తలెత్తుకోబుద్ధి కాలేదు.

ఆవిడ తాయారును పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె అరచెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, దానిమీద తాళం వేశారు. తాయారు మళ్లీ ముందుకు ఉరికింది. "ఆగమ్మా, తొందరేటి? నేనిక్కడే ఉన్నాను," అన్నారావిడ. మళ్లీ ఉరికింది. మళ్లీ అదే మాట. పొద్దు వాలేదాకా ఆ అరచెయ్యి ఎర్రబడుతూనే ఉంది. దీపాలు పెట్టే వేళకి పైడయ్యగారు మృదంగం ముందుకు జరుపుకున్నారు. ఈసారి చెయ్యి ఆపలేదు.

మర్నాడు సభలో ఫోన్లన్నీ ఆపేయమన్నారు. తాయారు నన్ను కూడా ఆపేసి సంచిలో వేసింది. ఆమె ప్రతి స్వరాన్నీ కొండలు దాటించిన నేను ఆ ఒక్క పాటా వినలేదు. ఇప్పుడు బ్యాటరీ ఉబ్బి, రాజమండ్రిలో ఒక రిపేరు కొట్టు సొరుగులో పడున్నాను. తాయారు వేరే ఫోన్ కొనుక్కుందట. తాళం తనే వేసుకుంటుందట, గురువుగారు విని దిద్దుతారట. సొరుగు మూసిన చీకట్లో ఆ సభ పాటను నాకు నేనే రకరకాలుగా ఊహించుకుంటూ ఉంటాను.

నాకు తెలిసిందల్లా సభ అయ్యాక జరిగింది. తాయారు నన్ను మళ్లీ మేల్కొలిపి భర్తకు ఫోన్ చేసింది.

"ఎలా పాడావే?" అన్నాడాయన ఆత్రంగా.

"అమ్మగారి పక్కన కూర్చుని పాడానండీ," అని తాయారు భోరుమంది.