విరగబూసిన నిమ్మచెట్టు

టీ కప్పులు కడుగుతుంటే పెరట్లోంచి ఆడపడుచు పిలిచింది.

"వదినా, ఓసారి రా. నిమ్మచెట్టు చూడు, ఆకు కనబడకుండా పూసింది."

చేతులు తుడుచుకుంటూ ఆమె వెళ్ళింది. నిజమే, చెట్టంతా తెల్లగా ఉంది. పెరడంతా ఒకటే వాసన. పెళ్ళయిన కొత్తలో అయితే కొంగు పట్టుకుని ఆ పూల కిందే నిలబడేది. ఇప్పుడు కళ్ళు పూల మీద నిలవలేదు. ముడుచుకుపోయిన ఆకుల మీదికి, అక్కణ్ణుంచి మొదలు చుట్టూ పోసిన సిమెంటు మీదికి జారాయి. ఏళ్ల తరబడి కాలేజీలో చెట్ల పాఠాలు చెప్పిన మనిషికి కళ్ళు అలాగే పోతాయి మరి. కారు టైర్లకి బురద అంటుతోందని భర్త పోయించిన సిమెంటు అది. వేళ్ళకి చుక్క నీరు దిగక, పోయేలోపు నాలుగు గింజలైనా మిగుల్చుకుందామని చెట్టు ఉన్న సత్తువంతా పూతకి పెట్టేసింది. ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ అంటారే, అదీ సంగతి.

"మురిసిపోయే పూత కాదిది. చెట్టుకి నీళ్ళందట్లేదు" అంది.

"మొదలెట్టింది" అని భర్త నవ్వాడు. "పువ్వుని చూసినా పాఠమే. సోమవారంతో ఆ ఉద్యోగం వదిలిపోతుందిలే."

ఉద్యోగం మానడానికి తల ఊపింది తనే. అత్తగారి మోకాళ్ళకి, పిల్లాడి చదువుకి, వంటకి ఇంట్లో ఒక మనిషి ఉండాలన్నారు. ఆ మనిషి ఎవరన్న ప్రశ్నే రాలేదు. తల ఊపినప్పట్నుంచీ ఆమె కసరడం మానేసింది. అడక్కుండానే రెండు కూరలు చేస్తోంది, ఎవరేమన్నా నవ్వుతోంది. అంత ఓపిక ఎక్కణ్ణుంచి వస్తోందో ఆమెకే తెలీదు.

కుర్చీలో కూర్చున్న అత్తగారు మెచ్చుకోలుగా అంది. "దాన్నేం అనకురా. ఉద్యోగం మానేస్తానన్నప్పట్నుంచీ మొహం చూశావా? అచ్చం ఈ చెట్టులా కళకళలాడుతోంది."

అందరూ నవ్వారు. అలవాటుకొద్దీ ఆమె పెదవులూ కదిలాయి. అంతలో చూపు మళ్ళీ చెట్టు మీదికి పోయింది. చెట్టుని చూడగానే తెలిసిన సంగతి, ఇన్నాళ్ళూ తన విషయంలో ఎందుకు తెలియలేదా అని భయం వేసింది.

సామాన్ల గదిలోకి వెళ్ళి గునపం తెచ్చింది. మొదటి పోటుకే పూలు జలజలా రాలాయి.

"పిచ్చా నీకు? పూలన్నీ పోతున్నాయి" అన్నాడు భర్త.

"పోనివ్వండి" అంది సిమెంటు పెచ్చు పెకిలిస్తూ. "ఈసారి పూయకపోయినా ఫరవాలేదు, బతికితే చాలు. సోమవారం నాకు క్లాసుంది. ఆ పై సోమవారం కూడా ఉంది."