అమ్మ బల్ల మీద గుంట

పాత సైడ్ టేబుల్ ఎవరు తెచ్చినా, నా కొట్టులో ముందు దాన్ని తలకిందులు చేస్తాను. పైభాగం అబద్ధమాడుతుంది. అడుగుభాగానికి ఆ తెలివి లేదు. సొరుగు మూలల్లో చెక్కని చెక్క పట్టుకునే పళ్ళు ఒక్కోటి ఒక్కో వెడల్పున ఉంటే అవి పాతకాలంలో చేత్తో కోసినవి. గుండ్రటి బల్లయితే అటూ ఇటూ కొలుస్తాను. నిజంగా పాతదైతే చెక్క ఒకవైపు కుంచించుకుపోయి రవ్వంత తేడా వస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ చెప్పేది ఒకటే: "పాత పాలిష్ గీకించకండి, మచ్చలు పోగొట్టకండి. దాని విలువంతా వాటిలోనే ఉంది."

ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టు, ఆ పని నేనే చేశాను. అదీ మా అమ్మ బల్లకి.

అమ్మ మంచం పక్కన ఉండే చిన్న గుండ్రటి బల్ల అది, కింద ఒక సొరుగు. పెళ్ళైన కొత్తలో నాన్న పాత సామాన్ల వేలంలో పాడుకున్నాడు. దాని అంచు దగ్గర బొటనవేలు పట్టేంత గుంట. ఒకసారి అమ్మతో పోట్లాడుతూ నాన్న కాలుతున్న ఇస్త్రీపెట్టె దానిమీద మరిచిపోయాడు. మాడిన చెక్క గీకేయగా మిగిలిన గుంట అది. చూపు పోయాక అమ్మకి అదే ఆనవాలు. గుంటలో బొటనవేలు పెడుతుంది, అక్కణ్ణించి నాలుగు వేళ్ళ అవతల నీళ్ళ గ్లాసు, దాని పక్కన మాత్రలు. రోజూ నా కళ్ళముందే జరిగేది. నేను పట్టించుకుంటేగా!

"ఊళ్ళోవాళ్ళ బల్లలన్నీ మెరిపిస్తావు, అమ్మది మాత్రం టీకొట్టు బల్లలా ఉంది," అని అన్నయ్య దెప్పాడు. ఆ మాట నన్ను కుట్టింది. అమ్మ మూడు వారాలు వాడింట్లో ఉండటానికి వెళ్ళగానే పని మొదలుపెట్టాను. పాలిష్ అంతా గీకేశాను. అదే వయసు చెక్క వెతికి, చారకి చార కలిపి, గుంటకి అతుకు వేశాను. ఆ ఒక్క అతుక్కే మూడు రోజులు పట్టింది. తర్వాత నేనే వెతుక్కున్నా అది కనబడలేదు. నా జన్మలో అంత మంచి పని చెయ్యలేదు, సిగ్గులేకుండా చెబుతున్నాను.

అన్నయ్య అమ్మని తీసుకొచ్చాడు. అమ్మ మంచం మీద కూర్చుని చెయ్యి చాపింది. బొటనవేలు అంచు చుట్టూ ఒకసారి తిరిగింది. మళ్ళీ తిరిగింది.

"ఒరేయ్, ఇదెవరిది?"

"నీదేనమ్మా. బాగుచేశాను."

"నాది కాదు. దాన్నెవరికి అమ్మేశావురా?"

గుమ్మంలో సంచీ పట్టుకుని నిలబడ్డ అన్నయ్య నవ్వాడు. "పాత బల్లలకి ఎంతొస్తుందో మనింట్లో వీడికొక్కడికేగా తెలుసు," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. బల్లని తిరగేశాను. అమ్మ చెయ్యి పట్టుకుని సొరుగు పళ్ళు తడిమించాను, నేను ముట్టుకోని అడుగుచెక్క తడిమించాను. అమ్మ విసురుగా చెయ్యి లాక్కుంది.

"అడుగున ఎవరు తడుముతార్రా? నా చెయ్యి ఎప్పుడూ పైనేగా!"

ఆ రోజు నుంచి గ్లాసు నేలమీద పెట్టుకుంది. రోజూ కాలు తగిలి నీళ్ళు ఒలికేవి. నేను తుడిచేవాణ్ణి. వారం రోజులు నాతో ఒక్క మాట లేదు.

కొత్త బల్లల్ని గొలుసులతో కొట్టి, అక్కడక్కడ కాల్చి పాతవని అమ్ముకునే వర్తకులున్నారు. అలాంటివాళ్ళని నేనెప్పుడూ నా గుమ్మం తొక్కనివ్వలేదు. ఎనిమిదో రోజు పొద్దున్నే బల్లని కొట్టుకి మోసుకెళ్ళి, ఇస్త్రీపెట్టె వేడిచేశాను. నా మూడు రోజుల పని నా ముందే మాడింది. మాడిన చెక్క ఉలితో తీసి, మైనం రుద్ది, గుంట నున్నబడేదాకా నా బొటనవేలితోనే రాశాను. చెయ్యి బొబ్బలెక్కింది.

మధ్యాహ్నం బల్లని మంచం పక్కన పెట్టాను. అమ్మ తడిమింది. బొటనవేలు ఆగిపోయింది. ముఖం విచ్చుకుంది. నాలుగు వేళ్ళు కొలుచుకుని, నేలమీది గ్లాసు తీసి పైన పెట్టింది.

"ఇదేరా! ఇదే నా బల్ల."

అన్నయ్యకి ఫోన్ చేసిపెట్టమంది. చేసి చేతికిచ్చాను.

"వాడు తెచ్చేశాడ్రా. ఎవరికి అమ్మాడో, వాళ్ళ కాళ్ళావేళ్ళా పడుంటాడు. ఇంక నా బిడ్డనేం అనకు. బుద్ధి తెచ్చుకున్నాడు."

నేను నోరు తెరిచాను. అమ్మ గాల్లో వెతుక్కుని నా తల నిమిరింది. నోరు మూసుకుని, ఖాళీ గ్లాసులో నీళ్ళు పోశాను.