బొటనవేలి మాట వినే బండి

సైమి మూడో క్యారియరు మూత బిగించి, ఒకసారి ఊపి, చెవి దగ్గర పెట్టుకుని వింది. ఒలికే చప్పుడు లేదు. పాలు పోసి కాచిన సాల్మన్ సూపు, రై రొట్టె ముక్కలు, మాత్రల పొట్లం. మూడు క్యారియర్లనూ మంచుబండి వెనక తగిలించిన పెట్టెబండిలో సర్ది, పైన రైన్‌డీర్ తోలు కప్పి, తాళ్ళు లాగి కట్టింది. ముళ్ళు వేసేటప్పుడు కుడి బొటనవేలు సలిపింది. కణుపు దగ్గర ఉబ్బిన ఆ వేలు చలికాలమంతా అంతే. కాసేపు నోట్లో పెట్టుకుని వెచ్చచేసి, మళ్ళీ చేతితొడుగులోకి తోసింది.

ఏప్రిల్ రెండో వారం, ఉదయం పది గంటలు. సరస్సు మీది మంచు ఇంకో రెండు గంటలు గట్టిగా ఉంటుంది. ఆ తరవాత ఎండకి పైపొర మెత్తబడి, అడుగున చేరిన నీళ్ళు పైకి వస్తాయి. అవతలి ఒడ్డున రోడ్డు లేని మూడిళ్ళకి భోజనం చేరాలంటే సరస్సు దాటాల్సిందే. సైమి పదకొండేళ్ళుగా దాటుతూనే ఉంది. అంతకుముందు ఇరవై రెండేళ్ళు బడి వంటగదిలో గరిటె తిప్పింది. పిల్లలు లేక బడి మూతపడితే మున్సిపాలిటీ వాళ్ళు గరిటె లాక్కుని బండి తాళం చేతిలో పెట్టారు. మొగుడు నార్వేలో చేపల ఫ్యాక్టరీ పనికని వెళ్ళి అక్కడే ఇంకెవరితోనో కాపురం పెట్టేశాడు. దాని గురించి సైమి ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. అనాల్సినవన్నీ ఊరే అనుకుంది.

ఇబ్బందల్లా ఈ కొత్త బండితోనే. పాత టూస్ట్రోక్ బండి బక్కది, పొగ కక్కేది, చెవులు చిల్లులు పడేలా అరిచేది, కానీ మాట వినేది. మలుపులో ఒక మోకాలు సీటు మీద ఆనించి ఒళ్ళు పక్కకి వాలిస్తే చాలు, తిరిగేది. మెత్తటి మంచులో కూరుకుంటే సైమి దిగి, వెనక కమ్మీ పట్టుకుని ఒక్క ఊపున ఎత్తి పక్కన పెట్టేది. డిసెంబరులో అది చేతులెత్తేసింది. దాని చోట ఈ ఫోర్‌స్ట్రోక్ వచ్చింది. దీని బరువు మూడువందల ముప్పై కిలోలు. సైమి బరువు యాభై రెండు.

గట్టి దారి మీద దీన్ని మించింది లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. గతుకుల్లో ఎగరదు, సూపు చుక్క ఒలకనివ్వదు, చేతిపిడులు కూడా వేడెక్కుతాయి. మలుపు వచ్చిందంటే మాత్రం దాని అసలు బుద్ధి బయటపడుతుంది. హ్యాండిలు తిప్పినా, ఒళ్ళు వాల్చినా, ముక్కు బరువుతో తిన్నగా పోతుంది. జనవరిలో అలాగే తిన్నగా పోయి పైన్ మొక్కల్లో కూలబడితే, బయటికి లాగడానికి ఊళ్ళోంచి ఇద్దరు మగాళ్ళు రావాల్సొచ్చింది.

రెండోసారి తప్పు బండిది కాదు, మర్యాదది. మంచు మీద ఇద్దరు ఎదురుపడితే ఆగాలి, ఇంజన్లు ఆపాలి, వాతావరణం గురించి నాలుగు ముక్కలు మాట్లాడాలి. ఆగకుండా పోయేవాళ్ళు టూరిస్టులు, లేదా పడని చుట్టాలు. మార్చిలో చర్చి పాస్టరమ్మ ఎదురైతే సైమి ఆగింది. సరిగ్గా ఆగిన చోటే మంచు కింద నీళ్ళున్నాయి. “ఎండ బాగా కాస్తోంది కదండీ” అనేలోపు బండి పొట్టదాకా దిగబడింది. దిగబడ్డది రాత్రికి గడ్డకట్టుకుపోయింది. మర్నాడు నలుగురు మనుషులు, గొడ్డళ్ళు, ఇనప తాళ్ళు. సైమికి తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రమే మున్సిపాలిటీ ఆఫీసు నుంచి మెర్వి అనే అమ్మాయి ఫోన్ చేసింది. “సైమి గారూ, ఇంకొక్కసారి బండి తీయడానికి మనుషుల్ని పంపాల్సొస్తే రూటు మూసేస్తారండీ. ఆ ముగ్గుర్నీ టౌన్లో వృద్ధుల హోముకి మార్చేస్తారు. నా చేతుల్లో ఏం లేదు.”

మూసేస్తే సైమికి పోయేదేం లేదు, జూన్లో ఎలాగూ పెన్షనే. పోయేదల్లా ఈసాకికి. ఎనభై తొమ్మిదేళ్ళ ఒంటరి మనిషి, ఒకప్పుడు ఈ సరస్సు మీదే టపా మోసినవాడు. గుండె అలిసిపోయింది, కాళ్ళకి నీరు పట్టింది. ఇక ఎన్నాళ్ళో లేదని డాక్టరు చెప్పేశాడు. “ఆ హోము కిటికీలోంచి బస్సులు తప్ప ఏం కనపడవే. బస్సులు చూస్తూ చావలేను నేను” అని ఆయన ఒకటే పట్టు.

బండి నడపడం మళ్ళీ నేర్పిందీ ఆయనే, ఊగే కుర్చీలో కూర్చుని.

“ఒళ్ళు వాలిస్తే వినడానికి ఇదేమన్నా నీ పాత మేకపిల్లా? బరువు బండి బొటనవేలి మాటే వింటుంది. మలుపుకి ముందే యాక్సిలరేటరు మీంచి వేలెత్తు. బరువంతా ముక్కు మీదకొస్తుంది, ముందున్న స్కీ పలకలు మంచుని కరుచుకుంటాయి. అప్పుడు తిప్పు. తిరిగాక నొక్కు. తిప్పుతూ నొక్కావో, చెట్టుకే.”

“మరి నీళ్ళొస్తే బాబాయ్?”

“నొక్కింది నొక్కినట్టే ఉంచు. బిషప్పు ఎదురొచ్చినా ఆగకు.”

సైమి సరస్సులోకి దిగింది. మొదటి మూడు కిలోమీటర్లు హాయిగా సాగాయి. దారి గుర్తు కర్రలు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. నడిమి లంక దాటాక మంచు రంగు మారింది. తెల్లటి దారి మధ్యలో బూడిద రంగు చార, వంద అడుగుల మేర. నీళ్ళు అప్పుడే పైకొచ్చేశాయి. ఆ చారకి అవతల, స్కీలు తొడుక్కుని, రెండు చేతులూ ఊపుతూ ఉర్పో నిలబడి ఉన్నాడు. ఈసాకి పక్కింటాయన, డెబ్బై దాటినవాడు, తన క్యారియరు కోసం రోజూ గుమ్మంలో ఎదురుచూసే మనిషి. ఇంత దూరం ఎన్నడూ రాడు.

సైమి వేలు దానంతటదే పైకి లేవబోయింది, అరవై మూడేళ్ళ అలవాటు మరి. లేవనివ్వలేదు. నొక్కింది. బండి మూతి కాస్త దిగి, బురదమంచు రెండు పక్కలా లేచి మోకాళ్ళు తడిపింది. బండిని నెట్టే వెనక బెల్టు పట్టు కోసం వెతుక్కుంటూ మూలిగింది. కణుపులోంచి నొప్పి మోచేతిదాకా పాకినా వేలు తీయలేదు. ఉర్పో పక్కనుంచే దూసుకుపోయింది. ఆయన మొహంలోని అవమానం ఆమెకి స్పష్టంగా కనిపించింది. మన్నించమన్నట్టు తలూపి, అలాగే పోయింది. బెల్టు కింద గట్టి మంచు తగిలేసరికి బతుకు జీవుడా అనుకుంది.

ఒడ్డు దగ్గర పడవల కొట్టానికీ బిర్చి చెట్టుకీ మధ్య గట్టి మలుపు. వేలెత్తింది. ముక్కు బరువెక్కడం పిడుల్లో తెలిసింది. తిప్పింది, తిరిగాక నొక్కింది. అంత పెద్ద బండీ గిర్రున తిరిగి గుమ్మం ముందుకొచ్చి నిలబడింది.

ఈసాకి కిటికీ పక్కన కుర్చీలోనే ఉన్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి, ఊపిరి పైపైనే ఆడుతోంది. అయినా మొహం వెలిగిపోతోంది.

“విన్నానే. మధ్యలో ఇంజను ఒక్కసారి కూడా తగ్గలేదు. మలుపులో కూడా వేలు ఎప్పుడెత్తావో ఇక్కడికే తెలిసింది. ముసలి గాడిద ఎదురొచ్చిందా?”

“ఉర్పో అన్న. ఆగలేదు. ఇక నాతో మాట్లాడడేమో.”

ఈసాకి నవ్వబోతే దగ్గొచ్చింది. సూపు వద్దన్నాడు, కాఫీ కావాలన్నాడు. సైమి కాచి, సాసర్లో పోసి అందించింది. ఆయన పంచదార బిళ్ళ పళ్ళ మధ్య పెట్టుకుని, దాని మీదుగా రెండు గుక్కలు జుర్రాడు. సాసరు కిటికీ గట్టు మీద పెట్టి “బాగుంది” అన్నాడు. సరస్సు వైపు చూస్తూ కూర్చున్నాడు. సైమి పొయ్యిలో కట్టెలు వేసి, మాత్రల పొట్లం విప్పి వెనక్కి తిరిగేసరికి కుర్చీ ఊగడం ఆగిపోయింది.

మణికట్టు పట్టి చూసింది. మెడ దగ్గర చూసింది. పక్కన స్టూలు మీద కూర్చుంది. ఏడుపు రాలేదు, ముందు ఊరటే వచ్చింది. హమ్మయ్య, బస్సులు చూడకుండా వెళ్ళిపోయాడు. అలా అనుకున్నందుకు సిగ్గు కూడా వేయలేదు. తలుపు తోసుకుని ఉర్పో రొప్పుతూ వచ్చేదాకా అలాగే ఆ చేయి పట్టుకుని కూర్చుంది.

“చేతులూపుతుంటే అలా పోతావా సైమీ? నేనేమన్నా టూరిస్టునా?”

“ఎందుకూపావు అన్నా?”

“ఈసాకికి బాగాలేదు, త్వరగా పొమ్మని చెబుదామని.”

“త్వరగానే వచ్చాగా.”

ఉర్పో కుర్చీ వైపు చూశాడు. టోపీ తీశాడు. అక్కడి ఆనవాయితీ ప్రకారం, పోయినవాడి ప్రాణం బయటికి వెళ్ళేందుకు కిటికీ కొంచెం తెరిచాడు. చల్లగాలి లోపలికి వచ్చింది. “ప్రాణం ఉండగా అందావా?” అని అడిగాడు.

“అందాను. కాఫీ కూడా తాగాడు.”

“అయితే సరే” అన్నాడు ఉర్పో. ఆ మాటతో ఇద్దరి మధ్యా మర్యాద బాకీ తీరిపోయింది.

సైమి ఆఫీసుకి ఫోన్ చేసింది. ఆమె నోరు తెరవకముందే మెర్వి గొంతు కంగారుపడింది.

“అయ్యో సైమి గారూ, బండి దిగబడిందా?”

“లేదమ్మా. బండి గుమ్మం ముందే ఉంది. ఈసాకి బాబాయ్ పోయారు. కుర్చీలోనే, ఇంట్లోనే.”

“డాక్టర్ని పంపిస్తాను. మీరు అక్కడే ఉంటారా?” అంది మెర్వి మెల్లగా.

“ఇంకో రెండు క్యారియర్లున్నాయి. ఉర్పో అన్న క్యారియరు ఇక్కడే ఇచ్చేస్తాను. ఇంకోటి అందించి ఇక్కడికే వచ్చేస్తాను.”

ఫోను జేబులో పెట్టుకుని, తోలుబూట్లు బిగించుకుని, సైమి వెనక్కి తిరిగి చూసింది. కిటికీ గట్టు మీద సాసరు, సాసరు అంచున సగం కరిగిన పంచదార బిళ్ళ, ఒక పక్క ఇంకా తడిగా.