తివాచీ మీద దిగను

హెలికాప్టర్ దిగే ముందు చేయాల్సినవి ఇవి: గాలి ఎటు వీస్తోందో చూడాలి. దారిలో తీగలు, స్తంభాలు లేవని చూసుకోవాలి. విమానాల దారికి అడ్డం పోకుండా కంట్రోల్ టవర్‌ని అడిగి రావాలి. తోక వైపు మనుషులెవరూ లేరని తేల్చుకోవాలి. దిగే వలయంలో ఎగిరిపోయే వస్తువేదీ ఉండకూడదు.

చివరిది మా పెద్దసారుకి తెలియనిది కాదు. నేను హెలికాప్టర్ నేర్చుకుంటున్న శిక్షణ సంస్థ ఆయనదే. అయినా కొత్త హెలిప్యాడ్ ప్రారంభం రోజున వలయం నడుమ హెచ్ అక్షరం మీదుగా ఎర్ర తివాచీ పరిపించారు. నేను ఒంటరిగా నడుపుకొచ్చి దాని మీద దిగాలి. ముఖ్య అతిథి దాని మీదే నడిచొచ్చి హెలికాప్టర్‌ని చూడాలి. అది సవ్యంగా జరిగితే లైసెన్సు పరీక్షకు నా పేరు పంపుతామన్నారు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినదాన్ని నేనే మొదట. ఆ పరీక్ష కోసం ఇంటిల్లిపాదీ కళ్లలో ఒత్తులు వేసుకుని ఎదురుచూస్తున్నారు.

పొద్దున్నే వెళ్లి చెప్పాను. రెక్కల గాలికి తివాచీ లేస్తుంది, లేచి రెక్కలకి చుట్టుకుంటే యంత్రం తిరగబడుతుంది, ముందు వరుసలో కూర్చున్నవాళ్లకీ ముప్పే అన్నాను. మూలల్లో పూలకుండీలు పెట్టించాం కదా అన్నారాయన. అవీ దొర్లిపోతాయన్నాను. ఆయన నవ్వి, పుస్తకాలు పక్కన పెట్టి పని నేర్చుకోమన్నారు. మా శిక్షకుడు ఫోన్‌లో ఏదో వెతుక్కుంటూ తల ఎత్తలేదు.

ప్రారంభం చూడ్డానికి నాతో వచ్చిన మా మేనత్త ఇదంతా పక్కనే నిలబడి విన్నది. ఆమె ఓ ఆసుపత్రిలో లిఫ్టు నడుపుతుంది. నన్ను పెంచిందీ, చదివించిందీ ఆమే. "నేనూ రోజంతా పైకీ కిందికీ తిరిగేదాన్నేనే. నీకు హెడ్‌ఫోన్లిచ్చారు, నాకు స్టూలిచ్చారు" అని నన్ను ఆటపట్టించేది. ఆ రోజు మాత్రం తివాచీ నిజంగా లేస్తుందా అని ఒక్కటే అడిగింది. లేస్తుందన్నాను.

"అయితే దిగకు" అంది.

తీరా హెలికాప్టర్ నడుపుకుంటూ వచ్చి చూస్తే తివాచీ అక్కడే ఉంది. వలయానికి దూరంగా గాల్లో నిలిపాను. రేడియోలో పెద్దసారు గొంతు వినిపించింది.

"ఏం చూస్తున్నావ్? దిగు."

"తివాచీ తీయించండి సార్, దిగుతాను."

"అందరి ముందూ నా పరువు తీయకు. ఇప్పుడు దిగకపోతే పరీక్షకి నీ పేరు పోదు."

"పోకపోతే పోనివ్వండి సార్. నేను దిగను."

టవర్‌ని అడిగి, దూరంగా ఖాళీగా ఉన్న గడ్డి మీద దింపాను. రెక్కలు తిరుగుతుండగా వదిలి పోకూడదు గనక సీట్లోంచే చూస్తూ ఉండిపోయాను. పిల్ల జడుసుకుందని కుర్చీల్లో ఉన్నవాళ్లు నవ్వుకున్నారట.

అప్పుడు అత్త లేచింది. నేరుగా వలయంలోకి నడిచి, ఒక కుండీని కాలితో పక్కకు నెట్టి, తివాచీని చాప చుట్టినట్టు చుట్టడం మొదలుపెట్టింది. పెద్దసారు పరుగున వచ్చి రెండో కొస పట్టుకున్నారు. ఎవరమ్మా నువ్వని గద్దించారట. ఆమె అన్న మాట తర్వాత చాలామంది నాకు చెప్పారు.

"అందులో కూర్చున్నదానికి మేనత్తని. అది వద్దంటే వద్దు. మీ అతిథి గారి బూట్లకి దుమ్మంటితే నేను తుడుస్తాలెండి, వదలండి."

ఆయన వదల్లేదు, ఆమె కూడా వదల్లేదు. చివరికి ముఖ్య అతిథే తన కుర్చీ వెనక్కి జరుపుకుని, తీసెయ్యండయ్యా అన్నారు. అత్త కుండీలతో సహా అన్నీ జనం వెనక్కి చేర్చి, చుట్టిన తివాచీ మీద ఎక్కి కూర్చుంది. నేను టవర్‌ని మళ్లీ అడిగి, లేచి, వలయం మధ్యలో దిగాను.

పెద్దసారు అన్నంత పనీ చేశారు. నా పేరు పంపలేదు. వేరే సంస్థలో మొదటి నుంచీ మొదలుపెట్టి లైసెన్సు తెచ్చుకున్నాను. ఆలస్యమైంది, నిజమే. అయినా ఆ రోజు మళ్లీ వస్తే మళ్లీ దిగను.

ఇది చదివేవాళ్లలో హెలికాప్టర్ నేర్చుకుంటున్నవాళ్లూ ఉండొచ్చు. దిగే చోట ఉండకూడనిది కనబడినప్పుడు, పెద్దవాళ్లెవరైనా "పర్లేదు, దిగెయ్" అంటే, నన్ను కాదు, మా మేనత్తని తలచుకోండి.