మేకుకు వేలాడిన వైరు

పాత కంప్యూటరు పొగ వదిలి చచ్చిన రోజున కత్తెర ఏడవలేదు, తిట్టాడు. ఏడుపు మూడేళ్ల క్రితం భార్యతోనే అయిపోయింది. తిట్లు మాత్రం మిగిలాయి.

ముప్పై ఏళ్లు పెళ్లి వీడియోలు కోసి అతికించిన మనిషి కాబట్టి వీధి అతనికి ఆ పేరు పెట్టింది. ఇప్పుడు పెళ్లిళ్లన్నీ సెల్‌ఫోన్ల పాలయ్యాయి. స్టూడియోకి తిండి పెడుతున్నవి పాత టేపులే. జనం అటకల మీంచి దులిపి తెస్తారు. కత్తెర వాటిని ప్లేయర్‌లో పెట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించి, గీతలు తుడిచి ఇస్తాడు. అలమరలో నలభై రెండు టేపులున్నాయి, ఒక్కోదాని మీద ఒక్కో చీటీతో.

కొత్త కంప్యూటరు వచ్చింది. అమ్మినవాడు అందులో పాతదాంట్లో ఉన్న కంపెనీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేరే, కొత్త వెర్షన్, ఎక్కించి ఇచ్చాడు. కోడలు గంటసేపు వెతికి కుర్చీ వెనక్కి జరిపింది.

“మామయ్యా, టేపు ఎక్కించే బటన్ లేదు.”

“కళ్లు పెట్టి చూడు.”

“కళ్లు పెట్టే చూశాను. తీసేశారు.”

పాత సాఫ్ట్‌వేర్ కొత్త కంప్యూటర్లో నిలవలేదు. మిగతా కంపెనీలవీ చూసింది. టేపు జోలికి పోయినవాడు లేడు. ఇక ఎవరి టేపు వాళ్ల చేతిలో పెట్టి షట్టర్ దించుకోవడమే.

కోడలు తన ఫోన్లోంచి కంపెనీకి ఉత్తరం రాసింది. మొదట యంత్రం జవాబిచ్చింది: మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది.

“విలువైనదాన్ని ఎవడైనా చెత్తబుట్టలో వేస్తాడా? మనం వాళ్లకి కూరలో కరివేపాకు” అన్నాడు కత్తెర.

నాలుగో రోజు మనిషి రాసిన జవాబు వచ్చింది. కోడలు చదివి వినిపించింది. ఎవరు ఏ బటన్ వాడుతున్నారో కంపెనీ లెక్క చూసిందట. మీ ప్రాంతంలో టేపు బటన్ వాడేవాళ్లు ఒక్కరూ కనబడలేదట. అందుకే తీసేశారట.

“ఒక్కరూ లేరా? బతికుండగానే దినం చేశారన్నమాట!”

చెప్పులేసుకుని ఎదుటి స్టూడియోకి పోయాడు. అది భార్య అన్నగారిది. బావ ప్లేయర్ మూత విప్పి దూది పెట్టి తుడుస్తున్నాడు.

“ఏం బావా, మొహం ముడుచుకుపోయింది? ఓహో, రోజూ ఉండే మొహమేనా!”

“నవ్వు. నీ కంప్యూటరు పోయాక ఏడుద్దువు గాని.” జరిగింది చెప్పాడు.

బావ దూది కింద పెట్టాడు. “నాది ఇంకో ఏడాది లాగుతుందేమో. ఆ తర్వాత నేనూ నీ పక్కన కూర్చుని తిట్టడమే.”

అంతలో కోడలు వచ్చి గుమ్మంలో నిలబడింది. “మామయ్యా, మన పాత కంప్యూటర్‌కి నెట్ వైరు ఎప్పుడు పెట్టేవాళ్లు?”

“ఎప్పుడూ పెట్టేవాళ్లం కాదు. మీ అత్తయ్య కట్టడి.”

కట్టడికి కారణముంది. తొమ్మిదేళ్ల క్రితం, పెళ్లి వీడియో సగంలో ఉండగా కంపెనీ అప్‌డేట్ దానంతటదే దిగి, పెళ్లికూతురి వైపు చుట్టాలందర్నీ మింగేసింది. ఆ రోజే ఆమె నెట్ వైరు పీకి గోడ మేకుకు తగిలించింది. ఊళ్లోని మిగతా పది స్టూడియోలూ తిరిగి అందరిచేతా పీకించింది.

“ఆ లెక్క వాళ్లకి వెళ్లేది ఆ వైరులోంచే, మామయ్యా. వైరు లేదు కాబట్టి మనమూ లేము.”

కత్తెర మొహం ఎర్రబడింది. “అయితే తప్పు మీ అత్తయ్యదంటావా?”

“అత్తయ్య తలుపు గడియ పెట్టింది, అంతే. ఇంట్లో ఎవరూ లేరనుకుని వాళ్లు వెళ్లిపోయారు. వాళ్లు ఒకసారి తట్టాల్సింది. మనం ఒకసారి దగ్గాల్సింది.”

బావ చిన్నగా అన్నాడు: “పిల్ల చెప్పింది నిజమే, బావా. ఇప్పుడైనా దగ్గు.”

మిగతా స్టూడియోల్లో నాలుగింటి గడప కత్తెర తొక్కి ఏళ్లయింది. ఒకడు అతనికొచ్చిన పెళ్లి వీడియో పని ఎత్తుకుపోయాడు, ఒకడు కెమెరా ఎరువు తీసుకుని విరగ్గొట్టాడు. క్షమించడం కత్తెరకి చేతకాదు. క్షమించకుండానే వెళ్లాడు. ఒక్కో చోటా ఒకటే షాట్ తీశాడు: చేయి టేపు పెడుతుంది, బటన్ నొక్కుతుంది, బొమ్మ వస్తుంది. కెమెరా విరగ్గొట్టినవాడు కుర్చీ వేశాడు. కత్తెర కూర్చోలేదు. నీళ్లు మాత్రం తాగాడు.

కోడలు మధ్యలో అందరిచేతా నాలుగు మాటలు చెప్పించింది. కొత్త సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుని కత్తెర ఆ మాటలన్నీ కోసేశాడు.

“అడుక్కుంటున్నట్టుంది. చేతులు చాలు.”

పదకొండు చేతులు. చివర నలభై రెండు టేపుల అలమర. మొత్తం రెండు నిమిషాలు. కోడలు పంపింది.

మూడో రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. కంపెనీ అమ్మాయి.

“సార్, మీ వీడియో మేమంతా చూశాం. ఆ పదకొండో చేయి ఎవరిది? వణుకుతోంది.”

“నాదే, మా బావ కంప్యూటర్ దగ్గర తీసింది. నా చేయి వణికినా టేపు వణకదు. విషయం చెప్పు తల్లీ.”

“టేపు ఎక్కించే భాగం మా దగ్గర భద్రంగానే ఉంది సార్. వారంలో విడిగా పంపుతాం. వచ్చే వెర్షన్‌లో మళ్లీ పెడతారో లేదో నేను చెప్పలేను. కానీ తీసేసే ముందు ఇకమీదట మిమ్మల్ని అడగమన్నారు.”

“మాటేనా?”

“రాసి పంపుతాను సార్.”

“రాతలు చాలా చూశాను. ముందు పంపు, అప్పుడు నమ్ముతా.”

ఆరో రోజున వచ్చింది. దించుకోవాలంటే నెట్ వైరు పెట్టాలి. కోడలు చేయి చాపింది గాని, కత్తెర పక్కకి జరగమన్నాడు. వైరు తనే తీశాడు. తొమ్మిదేళ్ల దుమ్ము. చొక్కా అంచుతో తుడిచి కంప్యూటర్‌కి పెట్టాడు.

ఎక్కింది. మొదటి చీటీ టేపు ప్లేయర్లోకి పోయింది. తెర మీద గీతలు, మంచులాంటి చుక్కలు, ఆ తర్వాత ఎవరి ఇంట్లోదో ఒక ఉయ్యాల. దాన్ని ఊపుతున్న ముసలావిడ కెమెరాని చూసి సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కోడలు చప్పట్లు కొట్టింది. ఎదుటి గుమ్మంలోంచి బావ అరిచాడు: “వచ్చిందా?”

“వచ్చింది!” అని కత్తెర కూడా అరిచాడు. అతని అరుపులో తిట్టు లేకపోవడం వీధికి కొత్త.

టేపు పూర్తయ్యాక అతను వైరు పీకి మళ్లీ మేకుకు తగిలించాడు.

“అదేంటి మామయ్యా, మళ్లీనా?”

“మీ అత్తయ్య కట్టడి మీ అత్తయ్యదే. పనిలో ఉండగా వైరు ఉండకూడదు.” రెండో టేపు చీటీ చదివి పక్కన పెట్టాడు. “వారానికి ఒక గంట మాత్రం పెడదాం. మిగతా పదిమందికీ చెప్పొస్తాను.”

“గంట ఎందుకు?”

“దగ్గడానికి.”