పోయేకాలం డ్రమ్ము

చదివేవాళ్లు ముందుగా నన్ను మన్నించాలి. నాకు అక్షరాలు మనవళ్లు పుట్టాక వచ్చాయి. ఒత్తులు ఒకచోట పెట్టాల్సింది ఇంకోచోట పెడతాను. నేనొక పేజీ రాసేలోపు పొయ్యి మీద కూర అడుగంటుతుంది. మా అంగన్‌వాడీ టీచరు దిద్దగలిగినంత దిద్దింది, మిగిలిన తప్పులకి నాదే పూచీ. నా సంగతి నేనే రాసుకుంటే గొప్పలు పోయినట్టుంటుందని మా ఇంటి డ్రమ్ము చేత చెప్పిస్తున్నాను. టీవీవాళ్లు నా నోటితోనే నేననని మాట చెప్పించారు కదా. నేను డ్రమ్ము చేత నాలుగు మాటలు చెప్పిస్తే తప్పేముంది?

నేను ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్మును. హైదరాబాదు అవతల ఒక ఫ్యాక్టరీలో వేడి ప్లాస్టిక్ ముద్దని ఇనుప అచ్చులో బిగించి, లోపలికి గాలి ఊది నన్ను తయారుచేశారు. పుట్టినప్పుడు నా కడుపులో ఉన్నది గాలే. తర్వాత నా బతుకంతా గాలి చుట్టూనే తిరిగింది. సముద్రం ఒడ్డువాళ్లు తుఫానుని గాలి అనే అంటారని అప్పటికి నాకు తెలియదు.

నా మొదటి ఉద్యోగం మామిడి గుజ్జు మోయడం. అప్పుడు నన్ను గుజ్జు డ్రమ్మన్నారు. గుజ్జు అయిపోయాక కాకినాడలో ఒక పాతసామాన్ల కొట్టు వెనక పడేశారు. చీమలు తప్ప నన్ను పలకరించినవాళ్లు లేరు. ఆ తర్వాత రొయ్యల చెరువు రైతు ఒకాయన కొనుక్కుని మేత డ్రమ్మన్నాడు. రొయ్యలకి వేళ తప్పకుండా మేత వేసేవాడు. తానెప్పుడు తిన్నాడో ఆయనకే గుర్తుండేది కాదు. రొయ్యలకి తెగులు వచ్చి చెరువు ఎండబెట్టాక నేను మళ్లీ పాత సామానునయ్యాను. మనుషుల దగ్గర నేను గమనించింది ఇదే. కడుపు నిండుగా ఉంటేనే పేరు పెట్టి పిలుస్తారు.

అక్కడి నుంచి నన్ను ఓడలమెరక తెచ్చింది నూకరత్నం. ఓడలమెరక అంటే సముద్రానికి ఆనుకుని ఉన్న చిన్న పల్లె. మగవాళ్లు వేటకి పోతారు, ఆడవాళ్లు చేపలు గంపలకెత్తి అమ్ముకొస్తారు. నూకరత్నం నన్ను కొనేముందు తల మొత్తం లోపలికి పెట్టి వాసన చూసింది. ఇంటికి తెచ్చి బూడిదతో, చింతపండు పిప్పితో తోమి ఎండబెట్టింది. మళ్లీ తోమింది, మళ్లీ ఎండబెట్టింది. నా మూత చుట్టూ ఇనుప పట్టీ ఉంటుంది. బిగిస్తే లోపలికి చెమ్మ దూరదు. ఆమెకి కావలసింది అదే.

ఆమె భర్త ముత్యాలు చాలా ఏళ్ల క్రితం ఒక పెద్దగాలికి పోయాడు. వేటలో కాదు. ఊరంతా వెళ్లి తుఫాను షెల్టరులో క్షేమంగా కూర్చున్నాక, పిల్లలు ఆకలని ఏడుస్తుంటే, ఇంట్లో ఉన్న బియ్యం తెస్తానని వెనక్కి వెళ్లాడు. వెళ్లినవాడు మళ్లీ మెట్లెక్కలేదు. అందుకని నూకరత్నం ఒకటే పట్టుబట్టింది. బియ్యం మనకన్నా ముందే షెల్టరులో ఉండాలి, ఎవరూ వెనక్కి వెళ్లాల్సిన పని ఉండకూడదు. వీధిలో ఆడవాళ్లని బతిమాలి, వండుకునేటప్పుడల్లా గుప్పెడు బియ్యం నా కడుపులో పోయించింది. చింతపండు, ఉప్పు, అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు, జ్వరం మాత్రలు కూడా చేర్చింది.

పక్కింటి కాసులమ్మ మొదటిరోజే ఎగతాళి చేసింది.

"నీకేం పోయేకాలమే నూకరత్నం! బంగారంలాంటి బియ్యం తెచ్చి డ్రమ్ములో పోత్తావా?"

"అవునే, పోయేకాలానికే పోత్తన్నాను. ఊరొదిలి షెల్టరుకి పోయే కాలం రాదా ఏంటి?"

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. ఆ రోజు నుంచి నేను పోయేకాలం డ్రమ్మునయ్యాను. తిట్టులో నుంచి తీసి పెట్టిన పేరే అయినా, వాళ్లు ముద్దుగానే పిలిచేవాళ్లు. కాసులమ్మ అందరికన్నా పెద్ద గుప్పెడు పోసేది.

నా గురించి ఎవరో తీసిన చిన్న వీడియో ఫోన్లలో తిరిగి తిరిగి ఒక టీవీ ఛానెల్ దాకా పోయింది. వాళ్లు 'ముందుజాగ్రత్త మహారాజులు' అని ఒక షో తీస్తున్నారట. ప్రళయం వస్తుందని తిండీ నీళ్లూ దాచుకునేవాళ్లని వెతికి చూపించే షో. ఒకరోజు పొద్దున్నే వ్యాను దిగింది. లహరి అనే యాంకరమ్మ దిగింది, డైరెక్టరు దిగాడు, గొడుగులాంటి లైట్లు దిగాయి. నూకరత్నం సంబరపడింది. తన మాట టీవీలో వస్తే ఒడ్డు పొడవునా ఉన్న పల్లెలన్నీ డ్రమ్ములు పెట్టుకుంటాయని ఆమె ఆశ. వచ్చినవాళ్లకి భోజనం పెట్టాలని చేపలు తెప్పించింది.

"అమ్మా, ప్రళయం ఎప్పుడొస్తుందంటారు?" అని లహరి అడిగింది.

"ప్రళయం సంగతి నాకేం తెలుసమ్మా? గాలైతే కార్తీకంలో వత్తాది."

"మరి ఈ డ్రమ్ము?"

"దీన్ని మావోళ్లు ఎక్కిరింపుగా పోయేకాలం డ్రమ్మంటారు. ఊరికి పోయేకాలం వచ్చిందంటే, ముందు ఇది షెల్టరుకి పోద్ది, ఎనకాల మేం పోతాం."

"ఎవరైనా మీ తిండి దోచుకోడానికి వస్తే ఏం చేస్తారు?"

నూకరత్నానికి ఆ ప్రశ్న అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "దోచుకోడమేంటమ్మా? ఆకలేసినోడు వత్తే పెడతాం. పెట్టడానికే కదా దాచింది."

డైరెక్టరుకి ఆ జవాబు రుచించలేదు. వరండాలో ఆమె చేపలు కోస్తుంటే వచ్చి, "అమ్మా, ఆ కత్తిపీట ఒకసారి పైకెత్తి కోపంగా చూడండి" అన్నాడు.

"మీకు కూరొండడానికే కోత్తన్నాను బాబూ, కోపమెందుకు?"

"ఊరికే, సరదాకి."

పెద్దమనిషి అడిగాడు కదా అని ఆమె ఎత్తింది. నవ్వొస్తుంటే ఆపుకుంది. అది కోపంలాగే కనిపించింది.

తర్వాత, ఎవరూ అడక్కుండానే, ముత్యాలు సంగతి చెప్పింది. నేను ఆమె పక్కనే ఉన్నాను. బియ్యం కోసం వెళ్లడం, పిల్లల్ని పడుకోబెట్టి మెట్ల మీద ఎదురుచూడడం, అన్నీ చెప్పింది. లహరి కళ్లు తుడుచుకుంది. ఆ పిల్ల దొంగ ఏడుపు ఏడవలేదని నేను ఒట్టేసి చెప్పగలను. ఏడ్చింది, చేపల కూరతో అన్నం తిన్నది, వ్యానెక్కింది.

షో వచ్చే రోజు సాయంత్రం వీధంతా నూకరత్నం వరండాలోనే కూర్చుంది. ముందు పట్నంలో ఒకాయన్ని చూపించారు. ఆయన అపార్టుమెంటు కింద కార్ల మధ్య బిస్కెట్లు, నీళ్ల సీసాలు దాచుకున్నాడు. మొహానికి ముసుగు తొడుక్కుని నడిస్తే వెనకాల కోతి గెంతినట్టు సంగీతం వేశారు. అందరూ నవ్వారు, నూకరత్నం కూడా నవ్వింది. ఆ తర్వాత ఉరుములు, మెరుపులు వచ్చాయి. షూటింగు రోజు ఆకాశంలో మబ్బుతునక లేదు. ఆ ఉరుముల్లోంచి నూకరత్నం మొహం దగ్గరగా వచ్చి, "ఊరికి పోయేకాలం వచ్చింది" అంది. మళ్లీ అంది. ఇంకోసారి అంది.

'వచ్చిందంటే' అన్న మాటలో 'అంటే' కోసేశారు. అంతే. ఆ పైన, దోచుకోడానికి వస్తే ఏం చేస్తారని లహరి అడగడం, నూకరత్నం కత్తిపీట ఎత్తడం.

వరండాలో నవ్వులు ఆగిపోయాయి. నూకరత్నం మాత్రం, "ఉండండి, మీ ముత్యాలు మాయ్య సంగతి చెప్పాను, ఇప్పుడొత్తాది" అంటూ టీవీకి ఇంకా దగ్గరగా జరిగింది. సబ్బు వచ్చింది, సిమెంటు వచ్చింది, పేర్లు పడ్డాయి. ముత్యాలు రాలేదు.

కాసులమ్మ లేచింది. ఆమె భర్త ఎల్లాజీ ఆ వేళ సముద్రం మీదున్నాడు.

"మగోళ్లు ఏటకెళ్లిన ఇళ్ల మీద ఆ మాటంటావేంటే నూకరత్నం?"

"నేనన్నది అది కాదే. అంటే అన్నాను, ఆ ముక్క తీసేశారు."

"ఆ నోరు నీది కాదా? ఆ పళ్లు నీవి కాదా? ముద్దన్నానికి మేమొత్తే కత్తిపీటెత్తుతావా?"

మర్నాడు ఆడవాళ్లందరూ వచ్చి ఎవరి బియ్యం వాళ్లు తీసుకుపోయారు. పోసినప్పుడు గుప్పెళ్లతో పోశారు, తీసేటప్పుడు తపేలాలు తెచ్చారు. బియ్యం మీద ఎవరి పేరూ ఉండదు కాబట్టి చాలాసేపు గొడవపడ్డారు. అగ్గిపెట్టెలు కూడా పోయాయి. నాకు గుజ్జు అయిపోయిన రోజు గుర్తొచ్చింది.

నూకరత్నం ఎవరినీ ఆపలేదు. అందరూ వెళ్లాక నా అడుగు తుడిచి, తన ఇంట్లో ఉన్నదాంట్లోంచి పోసింది. అప్పటి నుంచి ఆమెకి కుదురు లేదు. గంప దించగానే వచ్చి నా మూత తీసి చూసేది, బిగించేది, నాలుగడుగులు వేసి వెనక్కొచ్చి పట్టీ నొక్కి చూసేది. పిల్లలు వీధిలో "పోయేకాలం మామ్మ" అని అరిచి పారిపోయేవాళ్లు. ఆమె బెంగ వాళ్ల వెక్కిరింపు గురించి కాదు. గాలొచ్చిన రోజున తన మాట ఎవరూ వినరు, ఎవరో ఒకరు దేనికోసమో వెనక్కి వెళతారు. ఆమె భయం అదే. పట్నంలో బిస్కెట్లాయన గురించి కూడా ఒకసారి నాతో అంది. "ఆయనా ఏదో చెప్పే ఉంటాడే డ్రమ్మూ. ఆయన 'అంటే' ఎక్కడ పారేశారో!"

కార్తీకంలో గాలొచ్చింది. నూకరత్నం పొద్దున్నే నన్ను తోపుడుబండి మీద షెల్టరుకి చేర్చి, తిరిగొచ్చి ఇంటింటి తలుపూ కొట్టింది. "ఆ నోటితో మమ్మల్ని పిలవకు" అని లోపల్నుంచే జవాబు. చివరికి అధికారులు జీపులో మైకు పెట్టి తిరిగాక కదిలారు. మధ్యాహ్నానికి షెల్టరు నిండింది. అందరూ కట్టుబట్టలతో వచ్చారు. నా వైపు ఎవరూ చూడటం లేదు. అంటే అందరూ చూస్తున్నారన్నమాట.

నూకరత్నం మూత తీసి గంజి కాచింది. పలచటి గంజి. అందరికీ పోసింది. కాసులమ్మ కూడా గిన్నె పట్టింది, తలెత్తలేదు. బియ్యం కోసం ఈసారి ఎవరూ వెనక్కి వెళ్లక్కర్లేదని నేను లోలోపల పొంగిపోయాను. ఎంత అమాయకపు డ్రమ్మును!

అప్పుడు ఎల్లాజీ లుంగీ ఎగ్గట్టి లేచాడు.

"కొత్త వల ఒడ్డునే ఉండిపోయింది. లాక్కొచ్చి బడి వరండాలో పడేసి వచ్చేత్తాను."

నా కడుపులో బియ్యం ఉంది, చింతపండు ఉంది, మాత్రలున్నాయి. వల విషయంలో నేను చేయగలిగింది ఏమీ లేదు. నూకరత్నం తలుపుకి అడ్డం వెళ్లింది.

"ఎల్లాజీ, మీ మాయ్యా ఇలాగే వచ్చేత్తానన్నాడు. కూర్చో నాయనా."

"తప్పుకో అత్తా. అసలు నీ నోటి మాటే మా నెత్తిన పడింది!"

ఆమెని పక్కకి తోసి గడియ తీశాడు. గాలికి తలుపు బద్దలైనట్టు తెరుచుకుంది. వాన లోపలికి కొట్టింది, గడియ ఊడి ఎక్కడో పడింది. ఎల్లాజీ ఒక కాలు గడప దాటించాడు.

కాసులమ్మ గిన్నె పక్కన పెట్టింది. వచ్చి ఎల్లాజీ చొక్కా వెనక నుంచి పట్టుకుని లాగింది. తలుపు భుజంతో మూసి, నన్ను దొర్లించుకొచ్చి దానికి ఆనించి, నా మీద కూలబడింది. ఆమె బరువైన మనిషి.

"ఏవయ్యా!" అని కేకేసింది. "నీకేవన్నా పోయేకాలం వచ్చిందా?"

ఏ మాటకి ఆర్నెల్లుగా మొహాలు తిప్పుకున్నారో, ఆ మాటే ఆమె నోట్లోంచి ఊడిపడింది. అది ఆమెకీ తెలిసింది, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మూలనున్న ముసలమ్మ ఎవరో కిసుక్కున నవ్వింది. తర్వాత ఇంకొకరు. నవ్వు గోడలకి కొట్టుకుని బయటి గాలినే మరిపించింది. నూకరత్నం నవ్వుతూ ఏడ్చింది.

"రాలేదు కదా?" అంది కాసులమ్మ, ఈసారి మెల్లగా. "రాకపోతే కూర్చో. వల పోతే పోద్ది."

ఎల్లాజీ కూర్చున్నాడు. గాలి తగ్గేదాకా కాసులమ్మ నా మీద నుంచి లేవలేదు. తలుపు దబదబా బాదుకుంటుంటే నా అడుగు చిట్లింది.

వల పోయింది. బడి వరండా కూడా పోయింది. ప్రాణం దక్కిన ఎల్లాజీ తన వల పోయిందని నూకరత్నంతో చాలాకాలం మాట్లాడలేదు. మనుషులు అంతే. పోయిన వస్తువు కళ్లకి కడుతుంది, పోని ప్రాణం కనపడదు కదా.

నీళ్లు తీశాక టీవీవాళ్లు ఫోను చేశారు. "అమ్మా, మీరు చెప్పింది జరిగింది! ఇప్పుడు మిమ్మల్ని దేవతలా చూపిద్దామనుకుంటున్నాం. మళ్లీ ఎప్పుడొస్తుందో ఒక్క ముక్క చెప్పండి" అంది లహరి. పక్కనే ఉన్న కాసులమ్మ ఫోను లాక్కుంది. "ఆ ముక్క చెప్తే ఏ ముక్క కోత్తారమ్మా?" అని పెట్టేసింది.

నేనిక బియ్యానికి పనికిరాను. ఆడవాళ్లు కలిసి కొత్త డ్రమ్ము తెచ్చుకున్నారు. నన్ను సగానికి కోసి తీసుకుపోయింది ఎల్లాజీ. కొత్త వల చుట్టి నాలో పెట్టి, షెల్టరు మెట్ల కింద ఉంచాడు. వేటకి పోయే రోజు తీసుకుంటాడు, రాగానే తెచ్చి ఇక్కడే పెడతాడు.

ఇక్కడ కూర్చుని నూకరత్నాన్ని చూస్తుంటాను. ఆమె తిరుగుడు ఇంకా ఆగలేదు. బియ్యం ఒక్కటే చాలదని తెలిశాక, ఇంటింటికీ వెళ్లి కొత్త ప్రశ్న అడుగుతోంది. "గాలొత్తే నువ్వు దేనికోసం ఎనక్కి పోతావ్?" ఒకావిడ మేకంది. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల కుట్టుమిషనంది. ఒకాయన నా పెళ్లాం కోసమైతే పోనని నవ్వించాడు. మేకకి తాడు, మిషనుకి అటక, ఒక్కొక్కటీ ముందే కుదురుస్తోంది. కానీ కొందరు, "నాకేముంది, నేను దేనికీ పోను" అని తేలిగ్గా అనేస్తారు. వాళ్ల గుమ్మం ముందు నుంచి ఆమె కదలలేకపోతోంది.

ఇట్లు,
పెసింగి నూకరత్నం, వయసు అరవై మూడు, గాలికి ఇల్లు పోయాక ఇప్పుడు ఓడలమెరక కొత్త కాలనీలో, షెల్టరు పక్క వీధిలో ఉంటున్నాను.