తెల్లకారుకు కొత్త ముక్కు

వనపర్తిలో కురుమూర్తి పొద్దున లేస్తే తన మొహం కంటే ముందు కారు మొహం కడిగేవాడు. ఒక బకెట్ నీళ్ళు, పాత బనీను ముక్క, ముందు అద్దం, తర్వాత దీపాలు, చివరికి చక్రాలు. బానెట్ ఎత్తి ఆయిల్ చూసుకుని, రేడియేటర్‌లో నీళ్ళు పోశాక గానీ చాయ్ ముట్టేవాడు కాదు. చాయ్ గ్లాసు ఇస్తూ భార్య జానకమ్మ, మనుషులకన్నా దానికే ఎక్కువ సేవ చేస్తున్నావని రోజూ దెప్పేది. మనుషుల సంగతి దేవుడికే తెలియాలి, కారును మాత్రం నమ్మొచ్చు అని ఆయన రోజూ ఒకే జవాబు ఇచ్చేవాడు.

ఆ మాటలో గొప్పలేమీ లేవు. ఆ తెల్లకారులో కూర్చుని ఎవరు అబద్ధమాడినా అది ఊపిరి బిగబట్టేది. రెండుసార్లు గురగురమని, ముక్కు మూసినట్టు ఆగిపోయేది. ఆడినవాడు మాట వెనక్కి తీసుకుంటేనే మళ్ళీ స్టార్టయ్యేది. పెండ్లి మాటలకూ, పొలం గట్ల పంచాయితీలకూ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆ కారునే కిరాయికి మాట్లాడుకునేవాళ్ళు. పెండ్లికొడుకు తండ్రిని ముందు సీట్లో కూర్చోబెట్టి ఒక చక్కర్ కొట్టిస్తే సగం సంగతులు అక్కడే తేలిపోయేవి. కొల్లాపూర్ మామిడికాయల వ్యాపారి ఒకడు తన కాయలన్నీ చెట్టు మీద మాగినవేనని చెప్పి, ఆ మాట వెనక్కి తీసుకోవడానికి నామోషీపడి, నడిరోడ్డు మీద దిగి ఎండలో నడిచిపోయాడు.

తెలిసి చెప్పినా, తెలియక చెప్పినా కారుకు ఒకటే. గోపాల్‌పేట రైతు ఒకాయన ఈసారి తన బోరులో నీళ్ళు పడతాయని నిండు నమ్మకంతో అన్నాడు. కారు ఆగింది. ఆయన వినకుండా బోరు వేయించాడు, దుబ్బ తప్ప ఏమీ రాలేదు. అప్పట్నుంచి అందులో ఎక్కినవాళ్ళు వానల గురించి గానీ, పిల్లల పరీక్షల గురించి గానీ నోరెత్తేవాళ్ళు కాదు. రేపటి సంగతి ఇవాళే తెలుసుకుని బతకడం ఎవరికి మాత్రం చేతనవుతుంది?

కురుమూర్తి అసలే అనుమానం మనిషి. అనుమానం పెనుభూతం అంటారు గానీ, ఆయన ఆ భూతాన్ని తిండిపెట్టి మరీ పెంచుకున్నాడు. పాలవాడి మీద అనుమానం, పెట్రోలు పోసేవాడి మీద అనుమానం, తన నీడ కాస్త వెనకబడితే దాని మీదా అనుమానమే. జానకమ్మను అడగవలసినవన్నీ మనసులో మూటగట్టి పెట్టుకుని, సంతకు తీసుకుపోయేటప్పుడు కారులో విప్పేవాడు. చీటీ ఎత్తుకున్నావా, పుట్టింటికి కందిపప్పు పంపావా అని ఆరాలు తీసేవాడు. పాపం ఆ తల్లి ఏళ్ళ తరబడి కాపురం చేసి, కారులో నోరు కట్టుకుని కూర్చోవడం నేర్చుకుంది.

హైవేను వెడల్పు చేస్తున్న ఏడాది ఆయనకు దగ్గు పట్టుకుంది. అందరూ రోడ్డు దుమ్మే అన్నారు. వానలు పడి దుమ్ము అణిగింది గానీ దగ్గు అణగలేదు. చొక్కాలు వదులయ్యాయి. ఒకరోజు రుమాలులో ఎర్రగా పడింది. జానకమ్మ తమ్ముడు నిరంజన్ హైదరాబాద్‌లో బండ్ల సామాన్ల దుకాణంలో పనిచేసేవాడు. అతనే బావను బస్సులో రప్పించుకుని, అక్కడొక పెద్ద దవాఖానలో ఛాతీకి ఫొటోలు తీయించి తిరిగి పంపాడు. డాక్టరును కలిసి ఫలితం కనుక్కుంటానని తాను అక్కడే ఆగాడు. ఆనాటి నుంచి కురుమూర్తి కారులో తన దగ్గు గురించి పొరపాటున కూడా మాట్లాడేవాడు కాదు. ఆయనకు భయం వేసింది, అంతే.

కొన్నాళ్ళకు నిరంజన్ ఊరికి వచ్చాడు. ఫలితమేమిటని అడిగితే, ఇంకోసారి చూడాలి రమ్మన్నారు అన్నాడు. అని, సంచిలోంచి ఒక అట్టపెట్టె తీశాడు. అందులో కారుకు గాలి ఫిల్టర్ ఉంది. ఎర్రటి గుడ్డ మడతలతో, ఒక పక్క వెడల్పుగా, మరో పక్క రబ్బరు మూతితో నిగనిగలాడుతోంది. కంపెనీ డబ్బా తీసేసి ఇది పెట్టించుకుంటే హైవే దుమ్ముకు ఇంజను పాడవదని, మైలేజీ కూడా పెరుగుతుందని చెప్పాడు. ఇంటి అరుగు మీద నిలబడి చెప్పాడు. కారులో కూర్చుని చెప్పలేదు. కురుమూర్తి ఆ సంగతి అప్పుడే కనిపెట్టాడు.

అంతకన్నా వింత ఏమిటంటే, కారును సవతిలా చూసే జానకమ్మ కూడా తమ్ముడికి వంత పాడింది. "పెట్టిచ్చుకోరాదా. పిలగాడు అంత పావురంగ తెచ్చిండు" అంది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఏమైందని అడిగితే ఉల్లిగడ్డలు కోసినానంది. అప్పుడు పొయ్యి మీద పాలు తప్ప ఇంకేమీ లేవు.

నిప్పు లేనిదే పొగ రాదు. కురుమూర్తికి కోడేరు దగ్గర మెట్ట చెలక ఉంది. ఆ పక్క నుంచి కాలువ వస్తుందని అప్పుడే రాళ్ళు పాతి పోయారు. బావమరిది కన్ను దాని మీద పడిందా? తాను మంచాన పడేలోపు అక్కాతమ్ముళ్ళు వేలిముద్ర వేయించుకోవాలని చూస్తున్నారా? ఈ ఆలోచన రాగానే ఆయన కాదనకుండా సరేనన్నాడు. దొంగను పట్టాలంటే తలుపు కొంచెం తెరిచే ఉంచాలి.

మెకానిక్ మహమూద్ షెడ్డు గోపాల్‌పేట రోడ్డు మీద ఉండేది. ఆ కారు నట్టుబోల్టులన్నీ ఆయన చేతి మీదుగా పోయినవే. మామూలుగా పని మొదలుపెడితే లోకంలోని కబుర్లన్నీ చెప్పే మనిషి, ఆ రోజు మాట్లాడలేదు. పాత రేకు డబ్బా నట్టు విప్పి పక్కన పెట్టాడు. ఇంజను మూతిని గుడ్డతో తుడిచాడు. కొత్త ఫిల్టర్ రబ్బరు మూతిని దానికి తొడిగి, క్లిప్పు వేసి స్క్రూ డ్రైవర్‌తో బిగించాడు. స్టార్ట్ చేస్తే కారు బుస్సుమని గట్టిగా గాలి పీల్చుకుంది. కురుమూర్తికి ఆ చప్పుడు నచ్చలేదు.

"పాతదానికి ముక్కు సన్నం భాయ్" అన్నాడు మహమూద్ ఎటో చూస్తూ. "గాలి మెలికలు తిరిగి పోవాలె. పిసరంత అడ్డం పడ్డా ఊపిరాడదు. ఇది నాలుగు దిక్కులకెల్లి గుంజుకుంటది. ఇగ దేనికీ ఆగదు."

"దేనికీ ఆగదా?"

 మహమూద్ శుభ్రంగా ఉన్న పానానే మళ్ళీ మళ్ళీ తుడిచాడు. పాత డబ్బాను తాను ఉంచుకుంటానని కూడా అన్నాడు. కురుమూర్తి వినకుండా దాన్ని డిక్కీలో వేసుకుని బయల్దేరాడు.

ఊరు దాటాక, ఒంటరిగా, మెల్లగా పరీక్ష మొదలుపెట్టాడు. నా వయసు ఇరవై అన్నాడు. కారు పోతూనే ఉంది. నేను గద్వాల రాజును అన్నాడు. పోతూనే ఉంది. ఆఖరికి, నా పెండ్లామంటే నాకు పడదు అన్నాడు. దానికీ కారు హాయిగా బుసకొట్టుకుంటూ సాగిపోయింది. కురుమూర్తి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లోకంలో తనకు మిగిలిన ఒక్క నమ్మకస్తురాలినీ వీళ్ళు ముగ్గురూ కలిసి చెడగొట్టారు. తనతో ఏదో పెద్ద అబద్ధం ఆడబోతున్నారు. లేకపోతే ఇంత ఏర్పాటు ఎందుకు?

మర్నాడు జానకమ్మ పిండి గిర్నికి పోయిన సందు చూసుకుని, ఆయనే బానెట్ ఎత్తాడు. క్లిప్పు వదులుచేసి కొత్తదాన్ని ఊడబీకి, పాత డబ్బా పెట్టి నట్టు బిగించాడు. కొత్తదాన్ని గోనెసంచిలో చుట్టి డిక్కీలో స్టెప్నీ కింద తోశాడు. స్టీరింగ్ ముందు కూర్చుని, స్టార్ట్ చేసి, "నేను గద్వాల రాజును" అన్నాడు. కారు గురగురమని టక్కున ఆగింది. ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

హైదరాబాద్ ప్రయాణం నాడు జానకమ్మ ముందు సీట్లో, నిరంజన్ వెనక కూర్చున్నారు. కొత్తకోట దగ్గర హైవే ఎక్కగానే కురుమూర్తి వల విసిరాడు. "ఏం రా నిరంజన్, నా కోడేరు చెలక మీద ఏమన్న మనసు పడ్డవా?" అని అడిగాడు. నిరంజన్ బిత్తరపోయి, నాకెందుకు బావా నీ చెలక, నాకు నాగలి పట్టుడే రాదు అన్నాడు. కారు ఆగలేదు. కాస్త దూరం పోయాక, ఈ కారును అమ్మాలనుకుంటున్నారా అని జానకమ్మను అడిగాడు. లేదంది. కారు ఆగలేదు. మహమూద్‌తో కలిసి ఏమైనా డబ్బు మిగుల్చుకున్నారా అన్నాడు. ఛీ, లేదు అంది. దానికీ ఆగలేదు.

కురుమూర్తికి సంతోషం కలగాలి. కలగలేదు. చెలక కాదు, కారు కాదు, డబ్బు కాదు. మరి అంత జాగ్రత్తగా ఆడవలసిన అబద్ధం ఇంకేం ఉంటుంది? జడ్చర్ల దాటుతుండగా ఆయనకు దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా జానకమ్మ ఆయన వీపు నిమురుతూ, మొహం కిటికీ వైపు తిప్పుకుంది. అప్పుడు ఆయనకు అర్థమైంది.  ఇంకేమీ అడగలేదు.

దవాఖానలో డాక్టరు ఆయన్ని చూసి, వేళకు తిను, విశ్రాంతి తీసుకో అని భుజం తట్టాడు. మందులేమీ రాయకుండా భుజం తట్టే డాక్టరును చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. ఆయన్ని బయట బల్ల మీద కూర్చోబెట్టి అక్కాతమ్ముళ్ళు లోపలే ఆగారు. తలుపు అద్దంలోంచి జానకమ్మ కొంగు నోట్లో కుక్కుకోవడం కనిపించింది.

తిరుగు ప్రయాణం మొదలైంది. కురుమూర్తి లోపల కుమిలిపోతున్నాడు. తాను భార్య బుగ్గ గిల్లి కూడా ఎరగడు, అన్నీ ఆరాలే తీశాడు. ఆమె మాత్రం మొగుడు నిశ్చింతగా కళ్ళు మూయాలని కారు ముక్కే మార్పించింది. తానేమో వెధవ అనుమానంతో దాన్ని మళ్ళీ పాతది చేసి పెట్టాడు. ఇప్పుడు ఆమె నోరు తెరిస్తే కారు ఆగుతుంది. ఆగితే తన చావు ఖాయమని తేలిపోతుంది, తనకు తెలిసిపోయిందని ఆమెకూ తెలుస్తుంది. ఆమె మాట్లాడకుండా ఉంటే బాగుండునని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు.

షాద్‌నగర్ దాటాక జానకమ్మ గొంతు సవరించుకుంది.

"ఏమయ్య."

"ఇప్పుడేం మాట్లాడకు జానకి. ఇంటికి పోయినంక చెప్పు."

"ఇక్కడనే చెప్పాలె" అంది ఆమె. కొంగు ముడి గట్టిగా పట్టుకుంది. "నువ్వు ఊకె పరేషాన్ గాకు. నీకు పెద్ద రోగం లేదు. నువ్వు సావవు. మంచిగైతవు."

కురుమూర్తి ఊపిరి బిగబట్టాడు. కారు బిగబట్టలేదు. ముందున్న గడ్డి లారీని దాటింది, గుంతలో దిగింది, ఎక్కింది, అదే చప్పుడుతో పోతూనే ఉంది. వెనక సీట్లో నిరంజన్, ఫిల్టర్ పనిచేసిందన్న నెమ్మదితో, గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు.

కురుమూర్తి కారును రోడ్డు పక్కకు తీసి, తానే తాళంచెవి తిప్పి ఆపాడు. దిగి బానెట్ ఎత్తి ఇద్దర్నీ పిలిచాడు. ఇంజను మీద పాత రేకు డబ్బా మసిబారి కూర్చుని ఉంది. నిరంజన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. కొత్తదేది బావా అని అడిగాడు. డిక్కీలో ఉందని ఆయన చెప్పాడు.

"ఎప్పుడు మార్చినవ్?" అంది జానకమ్మ.

"నువ్వు గిర్నికి పోయినప్పుడు."

"నన్ను నమ్మక?"

"నమ్మకనే" అన్నాడు కురుమూర్తి. "డాక్టరు ఏమన్నడో ఇప్పుడు చెప్పు."

కారు బయట, లారీల గాలికి కొంగు ఎగురుతుంటే, ఆమె చెప్పింది. ఫొటోలో ఆ నీడ చూస్తే పెద్ద రోగమే, క్యాన్సరేనన్నాడట. ముదిరిందని, ఇంటికి తీసుకుపోయి మంచిగా చూసుకోమన్నాడట. అంతా చెప్పి, ఆ డబ్బా వైపు చూసింది. తాను అబద్ధమనుకుని ఆడిన మాట ఏమైందో అప్పుడు గానీ ఆమె తలకెక్కలేదు. ఎక్కగానే అక్కడే కంకర కుప్ప మీద కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే మొగుణ్ణి తిట్టింది. కురుమూర్తి ఆమె పక్కన కూర్చుని, జీవితంలో మొదటిసారి, తిట్లన్నీ ఎదురుచెప్పకుండా విన్నాడు.

నిరంజన్ ముందుగా తేరుకున్నాడు. హైదరాబాద్‌లో ఛాతీ రోగాలకే ఒక సర్కారు దవాఖాన ఉంది, ఇప్పుడే పోయి మళ్ళీ చూపిద్దామన్నాడు. కురుమూర్తి కారును వెనక్కి తిప్పాడు. ఆ సాయంత్రం అక్కడ తెమడ పరీక్ష చేసి అది క్షయ అని, నెలల తరబడి మాత్రలు మానకుండా మింగితే పోతుందని చెప్పారు. కానీ ఆ సంగతి అప్పటికి ముగ్గురికీ తెలియదు. వాళ్ళ దగ్గర ఉన్నది కారు మాట ఒక్కటే.

జానకమ్మకు అది ఒక్కసారి వింటే చాలలేదు. బండి కదలగానే, "మళ్ళ చెప్త ఆగు" అంది. "నువ్వు సావవు" అంది. చెవి ఒగ్గి విని, ఇంకోసారి అంది. ఏళ్ళ తరబడి ఆ కారులో మూసుకున్న నోరు ఆ మధ్యాహ్నం తెరుచుకుని ఇక మూతపడలేదు. షాద్‌నగర్ దాటేదాకా అదే మాట అంది. గొంతు బొంగురుపోయినా అంది. అని అని అలిసిపోయి, మొగుడి వైపు తిరిగి, ఈ పాలమూరు జిల్లా మొత్తంలో నీ అంత అనుమానపు ముండాకొడుకు ఇంకొకడు లేడంది.

కారు దానికీ ఆగలేదు.